చుట్టుముట్టినవాడికి ఒక దారి

పోతమ్మ చదవకుండా ఏ కాగితంలోనూ చేప చుట్టదని కూర్మన్నపాలెం సంతలో అందరికీ తెలుసు. కొనేవాళ్లు చేయి చాపి నిలబడి ఉన్నా సరే, ఎండు నెత్తళ్లు తక్కెడలో వదిలేసి, కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ కింది అంచు దాకా చదివి, ఆ తర్వాతే పొట్లం కట్టేది. స్టీలు ప్లాంటు క్వార్టర్ల ఆడవాళ్లు మొదట్లో విసుక్కున్నారు. పోనుపోను వాళ్లే, ఈవేళ ఏం రాశాడు పోతమ్మా అని అడిగి మరీ పొట్లం అందుకునేవారు.

యాభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషి ఆవిడ. సముద్రపు ఒడ్డున తన పల్లెలో సాయంత్రం బడి పెట్టినప్పుడు తోటి ఆడవాళ్లతోపాటు వెళ్లి లాంతరు ముందు కూర్చుంది. మిగిలినవాళ్లు సంతకం పట్టుబడగానే పలకలు అటక మీద పడేశారు. పోతమ్మకు సంతకంతో పనిలేదు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆవిడ అన్న పోయినప్పుడు ఇంటికి ఒక టెలిగ్రాం వచ్చింది. పోస్టుమాను చదివి చెప్పి, చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని ఎంత తిప్పి చూసినా అందులో ఏ గీత అన్న పేరో, ఏ గీత చావో ఆవిడకు తెలియలేదు. ఆ తెలియకపోవడం గొంతులో ముల్లులా ఉండిపోయింది. చేపముల్లయితే అన్నం ముద్దతో దిగిపోయేది. ఇది దిగలేదు.

అన్న కొడుకు ఎల్లారావు అప్పటికి మొలతాడుతో తిరిగే గుంటడు. తల్లి మారుమనువు చేసుకుని భీమిలి వైపు వెళ్లిపోతే వాణ్ని పోతమ్మే పెంచింది. తన కొడుకు నాగబాబుకంటే వాడు ఏడాది పెద్ద. ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి, చెరో వైపు నుంచి తినమనేది. ఆ కంచం దగ్గరే ఇద్దరూ పోట్లాడుకోవడం నేర్చుకున్నారు, పంచుకోవడమూ నేర్చుకున్నారు. పెద్దయ్యాక నాగబాబు నేవీలో చేరి ఓడలెక్కాడు. ఎల్లారావు విశాఖ ఫిషింగ్ హార్బరుకి పోయి, మరబోటు నడపడం నేర్చి, అక్కడి పిల్లనే చేసుకుని అక్కడే ఉండిపోయాడు.

ఆవిడ మొగుడు అంతకు ముందే సముద్రంలో పోయాడు. అందుకని ఎవరు గడప దాటినా పోతమ్మకు గుండె దడ. వాళ్ల వీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది. "ఎల్తన్నాను" అని ఎవరూ అనకూడదు. "వత్తాను" అనాలి. మరిచిపోయి అన్నవాణ్ని వెనక్కి పిలిచి, మళ్లీ గడప దాటించి, సరిగ్గా చెప్పించేది. కోడలు చంద్రిక దీన్ని చూసి నవ్వేది. బస్సు కండక్టరు చేత కూడా సెప్పించీగలదు మా అత్త, అని పక్కింటివాళ్లకు చెప్పేది.

కూర్మన్నపాలెం జంక్షన్లో పాత పేపర్ల కొట్టు సత్యానిది. తణుకు వైపు నుంచి ప్లాంటు కట్టేటప్పుడు వచ్చిన కుటుంబం. పోతమ్మ పొట్లాలకు కాగితాలు అక్కడే తూకానికి కొనేది. ఆవిడ చదువు పిచ్చి తెలిసి, పుస్తకాలేవైనా తూకంలోకి వస్తే అతను పక్కన పెట్టేవాడు. కార్గిల్ యుద్ధం టీవీలో చూసిన మరుసటి ఏడు అలా ఒకటి చేతికిచ్చాడు. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. "యుద్ధం గురించండి పోతమ్మగారూ. ఇందులో ఒక్క చావూ లేదు, అంతా ఆలోచనే. మీకే పనికొస్తుందని ఉంచాను" అన్నాడు.

ఆ పుస్తకంలోంచి పోతమ్మ ఒక్క కాగితమూ చింపలేదు. అలా ఆవిడ చింపకుండా ఉంచుకున్నది అదొక్కటే. రోజుకి కాస్త, అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ చదివేది. మనుషులు అన్నం సంపాదించే పద్ధతిలోంచే వాళ్లు యుద్ధం చేసే పద్ధతి పుడుతుందని ఆ రాసినాయన చెప్పాడు. ఒక దేశంలో సైనికులంతా పొలం ఉన్న రైతులట. కోతల వేళకి ఇంటికి పోవాలి కాబట్టి, ఎదురెదురుగా నిలబడి ఒక్క పూటలో తేల్చుకునేవారట. ఒక్క దెబ్బతో శత్రువును తుడిచిపెట్టాలని ఇప్పటి సేనాధిపతులు అనుకోవడం అక్కడి నుంచి వచ్చిందే. గడ్డి మైదానాల్లో గుర్రాల మీద బతికేవాళ్లు వేరు. వాళ్లు ఏటేటా పెద్ద వేటకు పోయి, కొండలూ లోయలూ కలిపి ఒక వలయంగా చుట్టి, రోజుల తరబడి దాన్ని బిగిస్తూ జంతువుల్ని మధ్యకు తోలేవారు. సైన్యాల్ని చుట్టుముట్టడం వాళ్లకు ఆ వేటే నేర్పింది. వేట చివర్లో మిగిలిన జంతువుల్ని వదిలిపెట్టమని ముసలివాళ్లు వచ్చి అడిగేవారట. అది కూడా ఆచారమే. ఆ వాక్యం దగ్గర పోతమ్మ చాలాసేపు ఆగింది. ముసలివాళ్లు అడిగితే రాజులు వింటారా అని ఆశ్చర్యపోయింది.

మన దేశం గురించి కూడా ఉంది. ఇక్కడివాళ్లు యుద్ధానికి రెండు పేర్లు పెట్టారు, చెప్పి చేసేది ధర్మయుద్ధం, మోసంతో చేసేది కూటయుద్ధం. ఏది చేయాలో వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు, తేల్చలేదు అని రాశాడు.

ఆ తర్వాత తూర్పు దేశపు మాట. అక్కడ రాజులు తరతరాలుగా కొట్టుకుని, పంటలూ పిల్లలూ నాశనమైపోతే, కొందరు ఆలోచనాపరులు అన్నారట, కొట్లాడకుండా గెలిచేవాడే గొప్ప అని. మనం చుట్టుముట్టిన శత్రుసైన్యానికి ఒక దారి వదిలిపెట్టాలి అని. అక్కడితో పేజీ అయిపోయింది. తిప్పితే తర్వాతి కాగితాలు లేవు. ఆ పొద్దున పోతమ్మ స్నానానికి వెళ్లినప్పుడు ఎవరో బేరానికి వస్తే, చంద్రిక చేతికందిన కాగితాలు చింపి నెత్తళ్లు కట్టిచ్చేసింది.

"ఎవురికిచ్చేవే?"

"ఎవురో తెలీదత్తా. సెక్టారు క్వార్టర్ల మనిసి. ఏటి, నీ యుద్ధం ఆగిపోనాదా?"

పోతమ్మ కోడల్ని తిట్టలేదు. వదిలిపెట్టాలి అన్న మాట దగ్గర ఆగిపోవడం కూడా ఒకందుకు బాగానే ఉందనిపించింది.

పల్లెలో అసలు యుద్ధం అప్పటికే రాజుకుంటోంది. హార్బరు మరబోట్లు రొయ్యల కోసం ఒడ్డు దగ్గరకు వచ్చేస్తున్నాయి. రాకూడదని చట్టమైతే ఉంది. సముద్రం మీద చట్టాన్ని ఎవరు నిలబెడతారు? వాటి పెద్ద వలలు అడుగు నుంచి ఊడ్చుకుపోతూ పల్లెవాళ్లు వేసుకున్న చిన్న వలల్ని కూడా చీల్చుకుపోతున్నాయి. తెప్పల మీద వెళ్లినవాళ్లు వట్టి తాళ్లు లాక్కుని ఇంటికి వస్తున్నారు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది పచ్చరంగు బోటు. దాని డ్రైవరు ఎల్లారావు. ఇక్కడి అడుగున రాయి ఎక్కడుందో, ఇసుక ఎక్కడుందో వాడికి తెలిసినట్టు హార్బరులో ఇంకెవరికీ తెలియదు.

నేవీ నుంచి పెన్షనుతో ఇంటికొచ్చిన నాగబాబు ఫైబరు బోటు కొనుక్కుని చేపల వేటకు పోతున్నాడు. చిరిగిన వల రెండోసారి ఒడ్డున పరిచిన రోజున వలల పాక ముందు అందర్నీ కూర్చోబెట్టి, పుల్లతో ఇసుకలో గీత గీశాడు. ఉత్తరాన కొండముక్కు, దక్షిణాన రాళ్ల బారు, మధ్యలో గుంటలాంటి సముద్రం. బోటు లోపలికి వచ్చేదాకా ఊరుకోవాలి. వచ్చాక బోట్లూ తెప్పలూ అన్నీ వెనక నుంచి నెలవంకలా కమ్ముకోవాలి. ఓడ మీద క్లాసుల్లో తనకు టాక్టిక్సు చెప్పిన మాస్టారి మాటలు మధ్యమధ్యలో దొర్లించాడు. కులపెద్ద గవర్రాజు బీడీ ఆర్పి, ఇది మన ఒడ్డు వల లాగడమే కదా, దీనికి ఇంగిలీసు పేరెందుకని నవ్వాడు. నిజమే, అచ్చం అలాగే ఉంది.

పోతమ్మ ఆడవాళ్ల వైపు కూర్చుని ఆ గీత చూస్తోంది. గీతకు లోపల ఉన్నది తన కంచంలో తిన్న పిల్లవాడు. వలయం బిగిశాక ఏం జరుగుతుందో ఆవిడ ఊహించగలదు. కర్రలూ కత్తులూ, తాగినవాళ్లూ, ఒకడు తోస్తే ఒకడు నీళ్లలోకి. ఆవిడ లేచి నిలబడి, పుస్తకంలో చదివిన మాట చెప్పింది. మనం సుట్టుముట్టినోడికి ఒక దారి ఒగ్గీయాల, లేకపోతే సచ్చేదాకా పోట్లాడతాడు. మగవాళ్లు నవ్వారు. పోతమ్మ పటాలం పెడతాదేటి అని ఎవరో అన్నారు. నాగబాబు మాత్రం నవ్వలేదు. తల్లి వైపు చూసి, పుల్లతో నెలవంక దక్షిణపు కొస చెరిపేశాడు.

ఇంటికొచ్చాక తల్లి పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"మా మాస్టారు కూడా అదే సెప్పేడమ్మా. దారి ఒగ్గాల అని. కానీ ఎల్లారావు బావ మమ్మల్ని నమ్మడు. నిన్ను నమ్ముతాడు. నువ్వు గుడ్డరాయి మీద నిలబడి గుడ్డ సూపించు. రాళ్ల మద్దిని దారంట ఎల్లిపోతాడు."

"నిజంగా ఒగ్గేత్తావేటి?"

"బయపడి పారిపోయినోడు మల్లీ రాడు. ఆడి పరువు ఆడికుంటాది, మన సముద్రం మనకుంటాది."

ఆ పూట పోతమ్మ ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువ తింది. ముసలివాళ్లు అడిగితే వింటారన్నమాట అనుకుంది.

దక్షిణాన నల్లరాళ్ల మధ్య, ఆ గుంటకూ బయటి సముద్రానికీ నడుమ సన్నటి దారి ఒకటుంది. కెరటం లేచినప్పుడు మూసుకుపోతుంది, వెనక్కి పోయినప్పుడు తెరుచుకుంటుంది. ఎప్పుడు తెరుచుకుంటుందో నీళ్ల మీద ఉన్నవాడికి కనిపించదు. అందుకే ఒడ్డున ఎత్తయిన రాయి మీద ఒక మనిషి ఎర్రగుడ్డతో నిలబడాలి. గుడ్డ తలమీదికి ఎత్తితే రమ్మని. మోకాళ్ల దగ్గర అటూ ఇటూ ఊపితే ఆగమని. సాధారణంగా ఆ ఇంటి ఆడదే నిలబడుతుంది. ఆ రాయిని గుడ్డరాయి అంటారు. దాని మీద అబద్ధపు గుడ్డ ఎవరూ ఎత్తరు. ఆటకి ఎత్తిన పిల్లల్ని కూడా చింతబరికెతో కొడతారు. వెనకటికి రెండు ఇళ్లవాళ్లు కత్తులు నూరుకుంటున్న రోజుల్లో, ఒక ఇంటి ముసలమ్మ రెండో ఇంటి తెప్పకు గుడ్డ చూపించి ఒడ్డుకు చేర్చి, దిగినవాణ్ని తిట్టిపోసిందని చెప్పుకుంటారు. పోతమ్మ మొగుడు పోయింది కూడా ఆ దారిలోనే. ఆవిడ ఆగమనే ఊపింది. వాన తెరలో ఆయనకు గుడ్డ కనిపించలేదు.

వారం తిరక్కుండానే పచ్చబోటు వచ్చింది. పొద్దు పొడిచి బారెడయింది. నాగబాబు వాళ్లు అప్పటికే కొండముక్కు చాటున బోట్లతో కాచుకుని ఉన్నారు. పోతమ్మ గుడ్డరాయికి వెళ్లే ముందు, రాత్రి ఉప్పులో ఉంచిన చేపలు ఎండలో పరిచి పోదామని వలల పాక వెనక్కి వెళ్లింది. చేపలు ఇసుకంటకుండా పాత నైలాను వలలు పరిచి వాటి మీద ఎండబెట్టడం ఆవిడ అలవాటు. ఈవేళ అక్కడ వట్టి ఇసుక ఉంది. తట్ట నడుము మీద అలాగే పెట్టుకుని కోడల్ని పిలిచింది.

"పాత వలలేయే?"

"నీ కొడుకు తెల్లారగట్ల తెప్పలో ఏసుకెల్లాడత్తా. దచ్చినం రాళ్లకాడ పనుందంట. బరువు రాళ్లు కూడా కట్టుకెల్లేరు."

పోతమ్మ తట్ట కింద పెట్టింది.

పాత వలకు చేపలు పడవు. దానికి పట్టేది ఒక్కటే, మరబోటు అడుగున తిరిగే పంకా. రాళ్ల మధ్య దారిలో నీళ్ల కింద వల వేలాడదీస్తే పంకాకు చుట్టుకుని ఇంజను ఆగిపోతుంది. ఆగిపోయిన బోటును తర్వాతి కెరటం ఎత్తి ఎక్కడ పడేస్తుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి పేజీలో ఏముందో ఆవిడకు చదవకుండానే తెలిసింది. దారి వదిలేది పోనివ్వడానికి కాదు.

సిగ్గు కూడా వేసింది. పుట్టిన దగ్గర నుంచీ ఒడ్డు వల లాగడం చూస్తున్న మనిషి తను. వలలో ఇరుక్కున్న చేపకు అన్ని వైపులా గోడే కనిపిస్తుంది, ఒక్క చోట తప్ప. అటే ఉరుకుతుంది. అది వల సంచి. రైతుల యుద్ధం కోతలా ఉంటే, వేటగాళ్ల యుద్ధం వేటలా ఉంటే, వల అల్లేవాళ్ల యుద్ధం ఇంకెలా ఉంటుంది? ఇదంతా తెలిసి కూడా, అట్ట లేని పుస్తకంలో దారి అనే మాట చూసి మురిసిపోయింది. తన కొడుకు తన మంచి మాటనే సంచిగా కుట్టాడు. దాని మూతి దగ్గర తననే నిలబెట్టాడు.

ఎర్రగుడ్డ తీసుకుని రాయి వైపు పరుగెత్తింది. ఆ వయసులో దాన్ని పరుగని మనం అనుకోవాలి గానీ, ఇసుక కాళ్లు పట్టి వెనక్కి లాగుతూనే ఉంది. రాయి ఎక్కేసరికి సముద్రం మీద నెలవంక కమ్ముకుంటోంది. తెప్పల మీద మగవాళ్లు తెడ్లతో పక్కలు కొడుతూ అరుస్తున్నారు. పచ్చబోటు తన వల తాళ్లు నరికేసి, ఇంజను పెంచి తిరిగింది. తూర్పు మూసుకుపోయింది, ఉత్తరం మూసుకుపోయింది. దక్షిణం ఖాళీగా ఉంది.

ఎల్లారావు బోటు దక్షిణానికి తిప్పాడు.

రాళ్ల బారు దగ్గర వేగం తగ్గించి ఒడ్డు వైపు చూశాడు. అంత దూరం నుంచి మొహం కనిపించదు. గదిలాంటి డ్రైవరు కేబినులోంచి వాడు బయటకు వచ్చి కంటికి చేయి అడ్డం పెట్టుకోవడం మాత్రం కనిపించింది. గుడ్డరాయి మీద ఎవరో ఒకరు ఉంటారని వాడికి తెలుసు. ఉన్నది అత్తే అని తెలిసిపోయి ఉంటుంది. ఫైబరు బోట్ల వరసలో అందరికంటే ముందున్న బోటులో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. వాడూ ఇటే చూస్తున్నాడు. వాడు నాగబాబు.

ఇద్దరూ ఆవిడ చేతుల వైపే చూస్తున్నారు.

ఎత్తితే కొడుకు గెలుస్తాడు. ఎల్లారావు, వాడితో వచ్చిన ముక్కూమొహం తెలియని కళాసీలు ఆ దారిలోకి వస్తారు. బోటు పోతుంది, మనుషులు ఈదుకొచ్చేస్తారని నాగబాబు అనుకుని ఉంటాడు. అక్కడి నుంచి ఈదుకొచ్చినవాణ్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఏ గుడ్డా చూపించకుండా దిగిపోతే? వెనక తరుముతుంటే వాడు తెగించి వచ్చేస్తాడు. ఆగమంటే ఊరి మాట పోతుంది, కొడుకు పరువు పోతుంది. ఇన్నాళ్ల చిరిగిన వలలకు జవాబు ఉండదు. చేతికి చిక్కిన వాణ్ని మనవాళ్లు ఏం చేస్తారో తెలియదు. అయినా ఒడ్డు మీద తను అడ్డం పడగలదు. నీళ్ల మీద అది కుదరదు.

ఇంకో సంగతి ఆవిడకు అప్పుడే తట్టింది. వల పుట్టిన చోటే ఈ గుడ్డ కూడా పుట్టింది. అన్నం కోసం సముద్రం మీదికి పోయేవాళ్లు పోట్లాడుకోవడానికి వలను నేర్చుకుంటే, తిరిగి రావడానికి గుడ్డను నేర్చుకున్నారు. ఆ రాసినాయనకు ఇది తెలిసి ఉండదు. ఆయన యుద్ధానికి వెళ్లేవాళ్ల గురించే రాశాడు.

పోతమ్మ వంగి, గుడ్డను మోకాళ్ల దగ్గర అటూ ఇటూ ఊపింది. నడుము పట్టేసినా ఆపలేదు.

పచ్చబోటు ఇంజను ఆగింది. వరసంతా ఒక్కసారి దాని మీద పడింది.

అంతా అనుకున్నంత ఘోరంగా జరగలేదు, అలా అని మెత్తగానూ జరగలేదు. ఎల్లారావు కనుబొమ్మ మీద తెడ్డు దెబ్బ తగిలి చీరుకుపోయింది. ఒక కళాసీ చేయి బెణికింది. బోటును తాళ్లతో లాక్కొచ్చి పల్లె ముందు లంగరు వేశారు. పట్టుబడ్డవాళ్లను వలల పాకలో కూర్చోబెట్టారు. పట్టుకొచ్చినవాళ్లకు ముందు కూడు పెట్టి తర్వాతే పంచాయతీ పెట్టడం కూడా అక్కడి ఆచారమే. పోతమ్మ అన్నం, చేపల పులుసు పెద్ద గిన్నెలతో తెచ్చి వడ్డించింది. ఎల్లారావు కంచం ముందు కూర్చుని తలెత్తకుండా అడిగాడు.

"అత్తా, ఆ దారిలో ఏటున్నాది?"

"కూడు తిను."

"నాకోసమేనేటి గుడ్డ ఊపేవు?"

"ఎవురొచ్చినా అదే ఊపుదును. తిన్రా ముందు. మా వలలు సింపినప్పుడు అత్త గుర్తుకు రాలేదు గానీ."

వాడు తిన్నాడు. నాగబాబు గుంజకు ఆనుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

సాయంత్రానికి బోటు యజమాని, హార్బరు పెద్దలు వచ్చారు. గవర్రాజు వాళ్లతో చాలాసేపు మాట్లాడాడు. చివరకు ఒక గురుతు మీద ఒప్పుకున్నారు. సముద్రం మీంచి చూస్తే కొండకు పైగా స్టీలు ప్లాంటు పొగగొట్టాల తలలు కనిపిస్తాయి. ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ కొండ చాటుకు పోతాయి. ఆ తలలు కనిపించినంత దూరంలోనే మరబోట్లు వేటాడాలి. చాటుకు పోయాయంటే తిరిగిపోవాలి. పచ్చబోటు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఎల్లారావు ఒడ్డున నిలబడి, వత్తాను అత్తా అన్నాడు. ఆ మాట వాడు మరిచిపోలేదు.

అందరూ వెళ్లాక నాగబాబు నోరు విప్పాడు.

"నీ మేనల్లుడి కోసం ఊరందరి ముందూ నన్ను ఓడించేవు."

"నువ్వు ఓడిపోలేదు కదరా. ఆళ్లు ఒప్పుకునే ఎల్లేరు."

"ఒప్పుకున్నోడు రేపు మాట తప్పుతాడు. బోటు రాళ్లకి తగిలుంటే హార్బరోళ్లు జన్మలో ఇటు సూడరు. నీ పుస్తకంలో పోనాయే, ఆ కాయితాల్లో ఏటుంటాదో నాకు తెలుసు. మా మాస్టారు సెప్పేడు. దారి ఒగ్గేది ఆడు బతకాలని కాదు. పారిపోయేవోడు ఎనక్కి తిరిగి పోట్లాడలేడు, అందుకని."

"తెలిసే నన్ను ఆ రాయి మీద నిలబెట్టేవా?"

నాగబాబు వంగి చాప చుట్టసాగాడు. పోతమ్మ అతని మొహంలోకి చూడకుండా, సముద్రం వైపు చూస్తూ అంది.

"రేపు వానల్లో అదే గుడ్డ సూసి నువ్వు రావాల కదరా. అది ఒకసారి అబద్దం సెప్పిందంటే, నిజం సెప్పిన రోజు నువ్వెలా నమ్ముతావు?"

నాగబాబు చాప చంకన పెట్టుకుని వలల పాకకు పోయాడు. ఆ రోజు నుంచి అక్కడే పడుకున్నాడు. చంద్రిక కూడు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చేది. వేటకు పోయేటప్పుడు ఇంటి ముందు నుంచే వెళ్లేవాడు గానీ, వత్తానమ్మా అనేవాడు కాదు. పోతమ్మ గడపలో నిలబడి అతని వీపు చూసేది. అన్న వెళ్లినప్పుడు రైలు పొగ చూసింది. మొగుడు వెళ్లినప్పుడు తెరచాప చూసింది. ఇప్పుడు కొడుకు ఇంటికి పదడుగుల దూరంలోనే ఉండి వెళ్లిపోయాడు. ఇటువంటి ఎడబాటుకు టెలిగ్రాం కూడా రాదు.

ఊళ్లో కొందరు ఆవిడతో మాట్లాడటం తగ్గించారు. సత్యం మాత్రం ఆ పుస్తకం ఇంకో ప్రతి దొరికితే చూడమంటారా అని అడిగాడు. వద్దు బాబూ, ఆ పేజీ నాకొద్దు అంది. రెండు రోజులాగి, దొరికితే ఆ పేజీ తర్వాతది కావాలి అంది. రాసినాయన అక్కడితో ఆగిపోయి ఉండడని ఆవిడకు అనిపించింది.

ఒక పొద్దున వలల పాక వెనక్కి వెళ్లేసరికి పాత వలలు మళ్లీ ఇసుక మీద పరిచి ఉన్నాయి. బురదా నాచూ కడిగి, చిరిగిన చోట్ల ముడులు వేసి ఉన్నాయి. ఎవరు తెచ్చారని చంద్రికను అడగలేదు. చేపలు పరిచి వచ్చేసింది.

వానలు మొదలయ్యాయి. గాలి తిరిగిన ఒక మధ్యాహ్నం, వేటకు పోయిన బోట్లన్నీ ఒకటొకటిగా కొండముక్కు వైపు నుంచి ఒడ్డు పట్టేశాయి. నాగబాబు బోటు దక్షిణానికి దూరంగా పోయి ఉంది. అది వచ్చేసరికి కొండముక్కు దగ్గర కెరటాలు కొండెత్తున లేస్తున్నాయి. రాళ్ల మధ్య దారి ఒక్కటే మిగిలింది. పోతమ్మ ఎర్రగుడ్డ చాలదని, పెట్టెలోంచి తన ఎర్ర కోకే తీసుకుని రాయి ఎక్కింది. వెనకనే చంద్రిక ఎక్కి ఆవిడ నడుము పట్టుకుంది.

వాన తెరలు తెరలుగా పడుతోంది. బోటు కనిపిస్తోంది, మాయమవుతోంది. దారి లోపల నీళ్లు తెల్లగా మరుగుతున్నాయి. పోతమ్మ కోకను మోకాళ్ల దగ్గర అటూ ఇటూ ఊపింది. ఆగు. కింద ఒడ్డున నిలబడ్డ గవర్రాజు, ఆడు ఆగడే పోతమ్మా, కోపంలో ఉన్నాడు, వచ్చీసేలా ఉన్నాడు అని కేకేశాడు. ఆవిడ వినలేదు. మొగుడి రోజు మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. అప్పుడూ ఇదే రాయి, ఇదే వాన, ఇలాగే ఊపింది.

వాన ఒక్క క్షణం పలచబడింది.

ఇంజను చప్పుడు తగ్గింది. బోటు ముక్కు గుడ్డరాయి వైపు తిరిగి, కెరటాలు విరిగే చోటుకు అవతల ఆగింది. లేస్తోంది, దిగుతోంది, కానీ ముందుకు రావడం లేదు. దాని మధ్యలో ఒక మనిషి నిలబడి ఇటే చూస్తున్నాడు.

"ఆగేడత్తా" అంది చంద్రిక.

పోతమ్మ ఊపుతూనే ఉంది. చేతులు లాగుతున్నాయి, తడిసిన కోక మణుగు బరువైంది. ఒక కెరటం వచ్చింది, దాని వెనక ఇంకొకటి వచ్చింది. దారి ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకునేదాకా ఎత్తకూడదు. కొడుకు ఆగి ఉన్నాడు. ఆవిడ కోకను కిందనే ఊపుతూ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా నిలబడింది.